ఎడ్మండు బర్కు: పూర్వసంప్రదాయపక్షపు రాజకీయ వ్యాఖ్యాత
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ మహాసభలో నొక మహాపురుషుని జీవితమును గూర్చి ప్రసంగింపవలసినదని కార్యదర్శిగారు మాకు వ్రాసిరి. మన కులమునందు బుట్టి విద్యాదానము, అన్నదానము చేసిన పెద్దల చరిత్రములు ఈ వేదికమీద పెక్కుమాఱులు వినబడినవి, ఇకముందును వినబడగలవు. ఈ యేడు మేము సముద్రమున కావలివాడగు నొకని నెన్నుకొంటిమి. ఆయన పేరు ఎడ్మండు బర్కు. ఐర్లండు దేశమున జన్మించి, ఇంగ్లండు పార్లమెంటులో ఇరువదియెనిమిదేండ్లకు పైగా సభ్యుడై యుండి, 1797వ సంవత్సరమున గతించినవాడు. ఆయన గతించి రెండువందల యేండ్లు దాటినను, పూర్వసంప్రదాయమును నిలుపవలెనని వాదించువారు నేటికిని ఆయన గ్రంథమును ప్రమాణముగా జూపుచున్నారు. ప్రతిపక్షులును ఆయనకే సమాధానము చెప్పుచున్నారు.

మఱియొక కారణమును గలదు. ఈ దేశమును కన్నులార చూడనివాడయ్యును, మన దక్షిణదేశపు రైతుల పక్షమునను, మన చెఱువుల పక్షమునను ఆంగ్లేయుల సభలో నిలిచి మాటలాడినవా డాయన. మూడవ కారణమును దాచము. మన విద్యార్థి వసతిగృహమునకై పూర్వులిచ్చిన స్థలములో బాటవైపు భాగమును అమ్మి, ఆ ధనముతో వాణిజ్యభవనము కట్టవలెనని యొక తీర్మానమును, బాలురకు మాత్రమే యున్న ఆ గృహమున బాలికలకును చోటియ్యవలెనని మఱియొక తీర్మానమును రేపు విషయనిర్ణయసభకు రానున్నవి. పూర్వుల మాటను ఎంతవఱకు పాటింపవలెను, ఎచ్చట మార్చుకొనవలెను అను ప్రశ్న ఈ రెంటియందును గలదు. ఆ ప్రశ్నను జీవితమంతయు నాలోచించినవాని చరిత్రము వినుట ఈ సమయమున నిరుపయోగము కాదని మా నమ్మకము.

బర్కు 1729వ సంవత్సరము జనవరి 12వ తేదీని డబ్లిన్ నగరమున జన్మించెను. తండ్రి రిచర్డు బర్కు న్యాయవాదవృత్తిలో నుండిన ప్రొటెస్టెంటు. తల్లి మేరీ నేగిల్ కార్కు మండలమునందలి కాథలిక్కు కుటుంబమునకు చెందినది. ఆకాలమున ఐర్లండులో కాథలిక్కులు జనసంఖ్యలో మిక్కిలి యధికులయ్యును, ఓటునకుగాని, ప్రభుత్వోద్యోగమునకుగాని, పార్లమెంటు సభ్యత్వమునకుగాని అర్హులు కారు. భూమిని స్వేచ్ఛగా కొనుటకును వారికి హక్కు లేకుండెను. కుమారులు తండ్రిమతమునను, కుమార్తె తల్లిమతమునను పెరిగిరి. కావున ఒకే యింట ఒకే తల్లికి బుట్టిన బిడ్డలలో కొందఱకు ధర్మాసనము తలుపు తెఱచియు, ఒకతెకు మూసియు నుండెను. శరీరము దుర్బలమగుటచే బర్కు బాల్యమున కొన్నియేండ్లు పల్లెటూర మేనమామల యింట పెరిగెను. చట్టము పేరిట జరుగు అన్యాయ మెట్టిదో ఆయన పుస్తకములు చదివి తెలిసికొనవలసిన యవసరము లేకపోయెను.

1741లో ఆయనను బాలిటోరు గ్రామమునందలి యొక బడిలో వేసిరి. ఆ బడి నడపిన అబ్రహాము షాకిల్టను క్వేకరు మతస్థుడు. నిరాడంబరుడు, సత్యసంధుడు. ఆ గురువుపట్ల బర్కు జీవితాంతము భక్తి గలిగియుండెను. గురుపుత్రుడగు రిచర్డు షాకిల్టను ఆయనకు ఆజన్మమిత్రుడయ్యెను. తండ్రి యొక మతమువాడు, తల్లి యొక మతముది, గురువు వేఱొక మతమువాడు. ముగ్గురియందును ధర్మము గలదని ఎఱిగిన బాలుడు పెద్దవాడై పరమతద్వేషమును ఎట్లు సహించును? ఉపాధ్యాయవృత్తిలో ఆయుర్దాయము గడపిన మాకు ఆయన చరిత్రములో నీ ఘట్టము మిక్కిలి ప్రియమైనది.

1744లో డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో చేరి, 1748లో పట్టము పొందెను. అచ్చట 1747లో సహాధ్యాయులతో గూడి యొక వాదసభను స్థాపించెను. 1750లో న్యాయశాస్త్రము చదువుటకై లండను నగరమునకు పోయెనుగాని, మనస్సు సాహిత్యమువైపు లాగినది. తండ్రి కోపించి పంపు ధనమును నిలిపివేసెను. 1756లో ఆయన ప్రకటించిన మొదటి గ్రంథము మన ఆలంకారికులు చెప్పు వ్యాజస్తుతి వంటిది. మతమును కేవల తర్కముచే ఖండించిన బోలింగ్‌బ్రోకు ప్రభువు శైలిలోనే వ్రాసి, ఆ తర్కమునే ముందునకు సాగించినచో రాజ్యము, చట్టము, సంఘము అన్నియును కూలవలసివచ్చునని చూపెను. కేవలతర్కము ఇల్లు కూల్చగలదేగాని కట్టలేదను అభిప్రాయము ఇరువదియేడవ యేటనే ఆయనకు కలిగియుండెనని దీనిచే తెలియుచున్నది. మఱుసటి యేడు ఉదాత్తమును, సుందరమును గూర్చిన యలంకారగ్రంథమును వెలువరించెను. తనకు హాని లేనంత దూరమున నుండి చూచినప్పుడు భయంకరవస్తువే మనస్సున కుదాత్తానుభవము కలిగించునని ఆయన సిద్ధాంతము. భయానకాద్భుతరసములను గూర్చి మన లాక్షణికులు చేసిన చర్చ నెఱిగినవారికి ఇది క్రొత్తగా తోపకపోయినను, ఐరోపాలో పెద్ద పండితులు దీనిని గౌరవించిరి.

ఆ 1757లోనే జేను నూజెంటు అను సాధ్విని వివాహమాడెను. సంసారము గడుపుటకు ధనము కావలెను గదా! డాడ్స్‌లీ అను పుస్తకవిక్రేత, సంవత్సరమున కొకమాఱు లోకవృత్తాంతమునంతయు సంగ్రహించు "ఆన్యువల్ రిజిస్టరు" అను సంచికను తలపెట్టి, 1758లో బర్కును సంపాదకునిగా నియమించెను. జీతము ఏటికి 100 పౌనులు. యుద్ధములు, సంధులు, పార్లమెంటు చర్చలు, క్రొత్త గ్రంథముల విమర్శలు అన్నియు నందుండెను. బర్కు దానిపై తన పేరు వేసికొనలేదు. అయినను రాజకీయ వ్యాఖ్యాతగా నాయనను తీర్చిదిద్దినది ఆ గుప్తసేవయే. ప్రతి సంవత్సరము దేశదేశముల వ్యవహారములను సరిచూచి, లెక్కలు పోల్చి, కారణములు వెదకి వ్రాసినవానికి, ఒకనాటి యుద్రేకముతో మాటలాడు అలవాటు పట్టదు. నేడు ప్రతిదినము, ప్రతిగడియ అభిప్రాయములు వెలిబుచ్చు మన యువకులు ఈ సంగతిని గమనింతురుగాక. 1764లో జాన్సను పండితుడు, రెనాల్డ్సు చిత్రకారుడు, గోల్డ్‌స్మిత్తు కవి మొదలగువారితో నేర్పడిన గోష్ఠియందు బర్కు మొదటినుండియు సభ్యుడు. జాన్సను రాజకీయములందు ఎదుటిపక్షమువాడైనను, వారిరువురి స్నేహము చెడలేదు.

1765లో రాకింగ్‌హామ్ ప్రభువు ప్రధానమంత్రి యయ్యెను. బర్కు ఆయనకు కార్యదర్శియై, ఆ యేటి డిసెంబరులో వెండోవరు నుండి కామన్సు సభకు ఎన్నికయ్యెను. 1766లో అమెరికా వలసలపై వేసిన స్టాంపు పన్నును ఆ మంత్రివర్గము రద్దుచేసినప్పుడు బర్కు ప్రసంగములకు తొలిసారి ప్రఖ్యాతి కలిగినది. 1770లో వ్రాసిన యొక గ్రంథములో, రాజకీయపక్షమనగా నేమో ఆయన నిర్వచించెను. ఉద్యోగములకై కూడిన గుంపు కక్ష. ఒక సూత్రమును నమ్మి, దేశహితమునకై కలిసి పనిచేయువారి కూటమి పక్షము. కక్షకును పక్షమునకును గల ఈ భేదమును మన గ్రామములందును, సంఘములందును ఇంకను నేర్చుకొనవలసియేయున్నది.

1774లోను, 1775 మార్చి 22వ తేదీనాడును అమెరికాను గూర్చి ఆయన చేసిన ప్రసంగములు మన కళాశాలలలో చిరకాలము పాఠ్యములుగా నుండెను. పన్ను వేయుటకు మాకు హక్కు గలదని మంత్రులు వాదించుచుండిరి. హక్కును గూర్చిన తర్కమును ప్రక్కకుబెట్టి, ఆ ప్రజల స్వభావమును, వారి చరిత్రమును, మూడువేల మైళ్ల సముద్రమును చూడుడని బర్కు వేడుకొనెను. సభ వినలేదు. 1775 ఏప్రిలులో యుద్ధ మారంభమై, 1783లో అమెరికా స్వాతంత్ర్యముతో ముగిసెను. ఇందు గమనింపదగిన విశేష మొకటి గలదు. ఆయన అమెరికావారిని సమర్థించినది వారు క్రొత్త సిద్ధాంతము కనిపెట్టిరని కాదు. ఆంగ్లేయులకు పూర్వమునుండి వచ్చుచున్న స్వేచ్ఛలనే వారు కోరిరని ఆయన వాదము. అనగా సంప్రదాయపు పేరిటనే ఆయన రాజు నెదిరించెను.

1774లో బ్రిస్టలు అను గొప్ప వర్తకనగరము ఆయనను ప్రతినిధిగా నెన్నుకొనెను. గెలిచిన దినముననే ఓటర్లతో ఆయన స్పష్టముగా నొకమాట చెప్పెను. ప్రతినిధి మీ కొఱకు కష్టపడవలెను, మీ సుఖమునకై తన సుఖము విడువవలెను. కాని తన వివేకమును మాత్రము మీకు బలి యియ్యరాదని దాని సారాంశము. ఈ మాట కాయన వెల చెల్లించెను. ఐర్లండు వర్తకమునకు సంకెళ్లు సడలింపవలెననియు, కాథలిక్కులపై శాసనములను తగ్గింపవలెననియు ఆయన వాదించుట బ్రిస్టలు వర్తకులకు రుచింపలేదు. 1780 జూనులో లండనులో కాథలిక్కులకు వ్యతిరేకముగా ఘోరమైన అల్లరులు చెలరేగి, ఆయన యింటికే ముప్పు రాగా, జనసమూహము నడుమకు వెళ్లి తన పేరు చెప్పుకొనెను. ఆ యేటి యెన్నికలో ఓటమి తప్పదని కనుగొని, బ్రిస్టలును విడిచిపెట్టెను. తన మాటను మార్చుకొనలేదు. తరువాత రాకింగ్‌హామ్ ప్రభువు ఆధీనమునందలి మాల్టను నుండి సభకు పోయెను.

ఇక మన దేశపు సంగతి. 1781 నుండి ఆయన ఈస్టిండియా కంపెనీ వ్యవహారములను విచారించు పార్లమెంటు సంఘమున ప్రధానుడై, వేలకొలది కాగితములు చదివెను. ఆకాలమున ఆర్కాటు నవాబు మహమ్మదాలీ వాలాజా కర్ణాటకమునకు ప్రభువు. మన నెల్లూరుసీమయు ఆయన రాజ్యములోనిదే. చెన్నపట్టణమునందలి కంపెనీ యుద్యోగులు కొందఱు నవాబునకు హెచ్చు వడ్డీలకు అప్పులిచ్చిరి. అప్పునకు ఈడుగా నవాబు తన తాలూకాల శిస్తును వారికి వ్రాసియిచ్చుచుండెను. పాల్ బెన్‌ఫీల్డు అను కంపెనీ నౌకరు ఈ ఋణదాతలలో ముఖ్యుడు. అప్పు ఎంత నిజమో, ఎంత కాగితముమీది కల్పనయో ఎవరికిని తెలియదు. 1784లో ఆంగ్లమంత్రివర్గము విచారణ లేకయే ఈ బాకీలను అంగీకరించి, కర్ణాటకపు రాబడినుండి ఏటికి 12 లక్షల వరహాలు, అనగా 4,80,000 పౌనులు, ఋణదాతలకు చెల్లింప నాజ్ఞాపించెను. ఆ ధనమును చెల్లించునది నవాబు కాదు. హైదరాలీ దండయాత్రచే 1780 నుండి దగ్ధమైన పల్లెలలో మిగిలిన రైతే చెల్లింపవలెను.

1785 ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి బర్కు దీనిపై చేసిన ప్రసంగమున మన చెఱువుల వర్ణనము గలదు. కర్ణాటక తంజావూరు సీమలలో నదీజలములు చాలవనియు, వాననీటిని కట్టలు కట్టి నిలిపిననేగాని పంట లేదనియు, అట్టి చెఱువులు పెద్దవియు నడిమివియు గలిసి పదివేలకు తక్కువ కావనియు ఆయన సభకు వివరించెను. వీనిని త్రవ్వించినవారు నిజమైన రాజులనియు, ఇంకను పుట్టని ప్రజలను సైతము తమ సంతానముగా భావించి ఆస్తి వ్రాసిపోయిన తండ్రులనియు కొనియాడెను. ఆ చెఱువులను పాడుపెట్టి, పంట లేకుండ చేసి, శిస్తును మాత్రము వడ్డీకింద లాగుకొను దొరతనము ఏపాటి దొరతనమని నిలదీసెను.

ఆర్యులారా! పుత్రుడు, నిధి, దేవాలయము, వనము, అగ్రహారము, ప్రబంధము, తటాకము అని మన పెద్దలు సప్తసంతానములను లెక్కించిరి. తటాకమును బిడ్డతో సమానముగా నెంచిన సంస్కృతి మనది. కడపసీమలో పోరుమామిళ్ల చెఱువును 1369లో బుక్కరాయల కుమారుడు భాస్కరుడు త్రవ్వించి, చెఱువునకు కావలసిన పండ్రెండు సాధనములను, తప్పింపవలసిన ఆఱు దోషములను సంస్కృతశాసనమున చెక్కించెను. ఆ శాసనము మాట బర్కు ఎఱుగడు. సప్తసంతానముల పేరును ఆయన వినియుండడు. అయినను, వేలమైళ్ల దూరమున కాగితములు మాత్రము చదివి, ఆ భావమునే ఆయన పట్టుకొనగలిగెను. ఆనాటి సభ ఆయన ప్రతిపాదనను త్రోసివేసెను. కాని కాలము ఆయన పక్షముననే సాక్ష్యము చెప్పినది. 1801లో కర్ణాటకము కంపెనీపరమైన పిమ్మట నవాబుల తరువాతి బాకీలను విచారించుటకు నొక సంఘమును నియమింపగా, 3 కోట్ల పౌనులకు పైబడిన బాకీలలో నిజమని తేలినవి 27 లక్షల పౌనులకు లోబడియే యుండెను.

అనంతరము వారన్ హేస్టింగ్సు విచారణము. బంగాళమునందు గవర్నరు జనరలుగా నుండిన హేస్టింగ్సుపై బర్కు 1786లో ఆరోపణలు తెచ్చెను. 1788 ఫిబ్రవరి 13వ తేదీని వెస్ట్‌మినిస్టరు మందిరమున ప్రభువుల సభ యెదుట విచారణ ఆరంభమయ్యెను. బర్కు నాలుగు దినములు ఉపోద్ఘాతము చెప్పెను. హిందువుల ప్రాచీనాచారములను, వారి కులవ్యవస్థను కూడ అందు గౌరవముతో వర్ణించెను. ఈ సభలో నీ మాట విని సంతోషించువారు కొందఱుందురు. వారు తక్కిన ప్రసంగమును గూడ వినవలెను. తూర్పుదేశములందు ప్రభువులకు అడ్డులేని యధికారమే ధర్మము. అచ్చటి రీతినే తాను నడచితినని హేస్టింగ్సు పక్షము చెప్పిన పూర్వపక్షము. ఆ మాట అసత్యమని బర్కు సిద్ధాంతము. మహమ్మదీయ ధర్మశాస్త్రమును, తైమూరు శాసనములను ఉదాహరించి, ఏ దేశమునందును రాజు ధర్మమునకు లోబడినవాడేయని చూపెను. అక్షాంశము మాఱినంతమాత్రమున ధర్మాధర్మములు మాఱవు; లండనులో దొంగతనమైనది కాశీలోను దొంగతనమే యని ఆయన వాదముయొక్క పరమార్థము. ఏ మనుష్యునకును మఱియొక మనుష్యునిపై నిరంకుశాధికారము లేదు, దానిని ఇచ్చుటకును పుచ్చుకొనుటకును ఎవరికిని హక్కు లేదని కూడ ఆయన ప్రకటించెను. కులమును, ఆచారమును నిలుపవలెననువారు ఈ రెండవ వాక్యమును విడిచి మొదటిదానిని మాత్రము గ్రహించినచో, అర్ధకుక్కుటీన్యాయమగును.

విచారణ ఏడేండ్లు సాగినది. ప్రజలకు విసుగు పుట్టినది. 1795 ఏప్రిల్ 23వ తేదీని హేస్టింగ్సు నిర్దోషియని తీర్పు వచ్చెను. కంపెనీ ఆయనకు ఏటికి 4,000 పౌనుల భరణ మిచ్చెను. బర్కు తన జీవితములో చేసిన కార్యములలో దేనివలన తన పేరు నిలువవలెనని కోరెనో, ఆ కార్యములో ఓడిపోయెను. ఓడినను, అధికారికి దూరదేశమున జేసిన పనులకు స్వదేశమున జవాబు చెప్పవలసిన పూచీ గలదను సంగతి అప్పటినుండి స్థిరపడినది.

ఈ నడుమ 1789లో ఫ్రాన్సుదేశమున విప్లవము పుట్టెను. ఇంగ్లండులో పలువురు హర్షించిరి. రిచర్డు ప్రైసు అను మతాచార్యుడు ఆ నవంబరులో దానిని కొనియాడుచు ప్రసంగించెను. బర్కు 1790 నవంబరు 1వ తేదీని "ఫ్రాన్సు విప్లవమును గూర్చిన చింతనలు" అను గ్రంథమును ప్రకటించెను. ఏడాది లోపల 19,000 ప్రతులు చెల్లినవని చెప్పుదురు. సంఘమనునది వర్తకుల భాగస్వామ్యము వలె లాభనష్టములు చూచి విడిపోదగినది కాదు; గతించినవారు, బ్రతికియున్నవారు, పుట్టబోవువారు మువ్వురును అందు భాగస్వాములు అని దాని మూలభావము. మన శాస్త్రములు చెప్పు దేవఋణ ఋషిఋణ పితృఋణములు ఈ సభ వారెఱిగినవే. ఋణము తీర్చుట సంతానముద్వారా, అధ్యయనముద్వారా, యజ్ఞముద్వారా యని చెప్పినవారు, మనిషి ఒంటరిగా బుట్టి ఒంటరిగా పోవు ప్రాణి కాడనియే చెప్పిరి. పాతగోడలు కొన్ని నిలిచియున్నప్పుడు వానిపై ఇల్లు బాగుచేసికొనక, ఫ్రెంచివారు పునాదులతో సహా పెరికివేయుచున్నారని ఆయన ఆక్షేపణ. ఇట్లే సాగినచో సైన్యము నాకర్షింపగల యొక సేనాపతి చేతిలోనికి దేశము పోవునని హెచ్చరించెను. రాజును వధించుటకు రెండేండ్లు ముందుగను, నెపోలియను 1799లో అధికారము గైకొనుటకు తొమ్మిదేండ్లు ముందుగను వ్రాసిన మాట యిది.

ప్రతిపక్షులు ఊరకుండలేదు. నెల తిరుగకమునుపే మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్టు అను విదుషి ఖండనము వ్రాసెను. 1791లో తామసు పెయిను మఱియొక ఖండనము వ్రాసెను. రాణి దుఃఖమునకు కన్నీరు గార్చిన బర్కు, ఆకలిగొన్న ఫ్రెంచి రైతును మఱచెనని వారి యాక్షేపము. ఇది తేలికగా త్రోసివేయదగినది కాదు. అమెరికా వలసవానిని, కర్ణాటకపు రైతును, ఐర్లండు కాథలిక్కును చూచిన కన్ను ఫ్రాన్సుపల్లెలవైపు చాలినంతగా తిరుగలేదు. తన పక్షము వారును ఆయనను విడిచిరి. ఇరువదియేండ్లకు పైబడి మిత్రుడైన ఫాక్సుతో 1791 మే 6వ తేదీని నిండుసభలో మైత్రి తెగిపోయెను. ఫాక్సు కన్నీరు పెట్టుకొనెను. బర్కు తిరిగి చూడలేదు.

ఆయన దోషములను మేము కప్పిపుచ్చము. 1768లో శక్తికి మించి ధనము తెచ్చి బీకన్స్‌ఫీల్డు వద్ద 600 ఎకరముల యెస్టేటు కొని, జీవితాంతము అప్పులలో మునిగియుండెను. ఇతరుల అప్పులమీద అంత వాడిగా మాటలాడినవాడు తన అప్పులను సవరించుకొనలేకపోయెను. ఆయన ఆప్తుడగు విలియము బర్కు తంజావూరు రాజునకు వకీలుగా నుండుటచే, ఆర్కాటు విషయమున బర్కునకు స్వలాభము గలదని శత్రువులు నిందించిరి. ప్రసంగములు సుదీర్ఘములగుటచే, ఆయన లేచినంతనే సభ్యులు భోజనమునకు పోవుచుండిరట. ఆయనకు భోజనపు గంట యని మాఱుపేరు! మా వంటి యుపాధ్యాయులు ఇది జ్ఞప్తియందుంచుకొని ప్రసంగమును త్వరగా ముగింపవలెను.

చివరి దినములు దుఃఖమయములు. 1794 జూనులో పార్లమెంటును విడిచెను. తన స్థానమునకు ఎన్నికైన యేకైక కుమారుడు రిచర్డు ఆ ఆగస్టు 2వ తేదీని క్షయవ్యాధిచే మరణించెను. రాజు భరణమీయగా, గొప్పభూస్వామి యగు బెడ్‌ఫర్డు ప్రభువు దానిని ప్రభువుల సభలో ఆక్షేపించెను. నేను శ్రమించి సంపాదించినది నీవు తొట్టెలోనే పొందితివని 1796లో బర్కు ఇచ్చిన ప్రత్యుత్తరము ఆంగ్లభాషలో ప్రసిద్ధము. పుత్రశోకమున నున్న ఆ వృద్ధుడే, ఫ్రాన్సునుండి పాఱిపోయివచ్చినవారి బిడ్డలకై ఆ 1796లో పెన్ గ్రామమున బడి పెట్టించెను. 1797 జూలై 9వ తేదీని మరణించెను. రాజులను, మహాకవులను పూడ్చు వెస్ట్‌మినిస్టరు దేవాలయమున సమాధి కట్టింతమని ఫాక్సు కోరెను గాని, మరణశాసనము ననుసరించి బీకన్స్‌ఫీల్డు గ్రామదేవాలయమున, కుమారుని చెంతనే పూడ్చిరి. ఆయన జీవించిన దినములలో కన్సర్వేటివు అను పేరు ఏ పక్షమునకును లేదు. ఆయన తన్ను విగ్గు పక్షమువానిగనే చెప్పుకొనెను. ఆ పేరు 1830 తరువాత వచ్చినది. పేరు పెట్టినవారు తరువాతివారు. పునాది వేసినవాడు ఆయన.

మహాజనులారా! ఈ చరిత్రమునుండి మనము గ్రహింపవలసిన దేమి? పాతదంతయు మంచిదని ఆయన చెప్పలేదు. కాథలిక్కుల నణచిన శాసనములు పాతవే. బానిసవ్యాపారము పాతదే, దానిని క్రమముగా తుదముట్టించుటకు 1780లోనే నియమావళి నొకదానిని రచించెను. 1782లో తానే సైనికఖజానా యధికారి యైనప్పుడు, పూర్వాధికారులు అనుభవించుచు వచ్చిన అక్రమలాభమును చట్టముచే తీసివేసి, తన రాబడిని తానే తగ్గించుకొనెను. మార్చుకొను శక్తి లేని సంస్థకు నిలిచియుండు శక్తియు నుండదని ఆయన మతము. కాని మార్చువాడు యజమానునివలె గాక, ధర్మకర్తవలె మార్చవలెను. చెఱువునకు తూము మార్చవచ్చును, కట్టను ఎత్తు చేయవచ్చును, పూడిక తీయవచ్చును. కట్ట తెంచి అడుగుభూమిని పంచుకొనుటను మాత్రము బాగుచేయుట యనరు.

ఈ కొలతతో రేపటి తీర్మానములను చూడుడు. వసతిగృహమున బాలికలకు చోటిచ్చుట దాతల మాటకు విరుద్ధమని కొందఱు పెద్దలనుచున్నారు. దాతలు కోరినది మన బిడ్డలు చదువుకొనవలెనని. ఆకాలమున ఊరు విడిచి చదువునకు పోవువారు బాలురే కావున బాలురని వ్రాసిరి. నేడు బాలికలును పోవుచున్నారు. వారికి చోటిచ్చినచో దాతల కోరిక ఇంకను నెఱవేఱును. ఇది తూము మార్చుట. స్థలము నమ్ముట అట్టిది కాదు. వాణిజ్యభవనమువలన అద్దె వచ్చునని తీర్మానము తెచ్చినవారు చెప్పు మాట అబద్ధము కాదు. సంఘమునకు ధనము కావలసియున్నదనుటయు నిజమే. కాని ఆ స్థలమిచ్చినవారు మనకు అమ్ముకొనుటకు ఈయలేదు. దానికి సొంతదారులు మనము కాము. ఇప్పుడు ఐదవ తరగతి చదువుచున్న బిడ్డలును, ఇంకను పుట్టని బిడ్డలును మనతో సమాన భాగస్వాములు. వారు ఈ సభకు వచ్చి ఓటు వేయలేరు. ధనము కావలసినచో చందా పెంచుకొందము. లెక్కలు ఏటేట అచ్చువేసి సభ్యుల యెదుట పెట్టుదము. తప్పనిసరియైనచో కౌలున కిత్తము. అమ్మవలదని మా ప్రార్థన.

ఈ మాట పలువురకు రుచింపకపోవచ్చును. బ్రిస్టలు ఓటర్లకు బర్కు చెప్పినట్లే, మమ్ము గౌరవించి వేదిక నెక్కించిన సభకు మేము మా వివేకమునే సమర్పింపవలెనుగాని, వారి యిష్టమును తిరిగి వారికే వినిపింపరాదు గదా. అన్యాభిప్రాయము గలవారు రేపు సభలో తమ హేతువులు చెప్పుదురుగాక. మేము ప్రీతితో విందుము. ఏది నిర్ణయమైనను కక్షలు కట్టక, పక్షములుగా నిలిచి, మన బిడ్డల చదువునే లక్ష్యముగా నుంచుకొందము.